చెట్టు మీది సరుకు

1982 మే నెలలో నన్ను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పంపించారు. అప్పటికి నేను తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో లెక్చరర్ని. పారిశ్రామిక ఇంజనీరింగ్ నా విభాగం. యంత్రాన్ని ఎలా చెయ్యాలన్నది కాదు మా చదువు. ఫ్యాక్టరీకి సరుకు ఎప్పుడు రావాలి, వచ్చింది ఎక్కడ ఆగాలి, ఏ పని ముందు జరిగితే తక్కిన పనులు సాఫీగా సాగుతాయి అన్నవి మా ప్రశ్నలు. ఆ రోజుల్లో ఈ చదువు పేరు చెబితే ఎవరికీ తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే మా నాయన “లెక్కల టీచరు” అని చెప్పి ఊరుకునేవారు.

ఆ ఫ్యాక్టరీకి ఒక చిక్కు ఉంది. సీజను మొదలైతే గేటు ముందు కాయల బండ్లు బారులు తీరేవి. లోపల మాత్రం గుజ్జు తీసే మిషను కొన్ని రోజులు పండు లేక ఆగిపోయేది, కొన్ని రోజులు పండు ఎక్కువై తట్టుకోలేకపోయేది. ఇది ఎందుకు జరుగుతోందో చూసి చెప్పమని వాళ్లు మా కళాశాలను అడిగారు. మా శాఖాధిపతి ఆ పనిని నాకు అప్పగించారు. నా హోదా పరిశీలకురాలు. ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. చూసింది రాసి ఫ్యాక్టరీ మేనేజరుకు ఇవ్వాలి, నకలు శాఖాధిపతికి పంపాలి. అదే విషయం మీద నేను పిహెచ్.డి. చేసుకోవచ్చునని అనుమతి కూడా ఇచ్చారు.

మేనేజరు పేరు వరదరాజులు నాయుడు. అంతకు ముందు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, తక్కువ మాట. నన్ను మర్యాదగానే కూర్చోబెట్టారు గానీ, కాయ ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియదని, దానికి లెక్క ఏమి వేస్తారని అన్నారు. ఆయన మాటలో ఎగతాళి లేదు. అలసట ఉంది.

మొదటి సీజనంతా నేను చేసిన పని చూడటమే. పొద్దున్నే తిరుపతి బస్సు దిగితే రోడ్డు పొడవునా చింతచెట్ల నీడలో ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు. తోలుకొచ్చినవాళ్లు తోతాపురి కాయల మీదే తువ్వాలు పరుచుకుని నిద్రపోతూ ఉండేవాళ్లు. ఎద్దుల మెడలో గంటలు అప్పుడప్పుడు మోగేవి. బారు కదిలినప్పుడు ఆ గంటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోగుతూ చివరిదాకా పోయేవి. ఎండ ఎక్కేకొద్దీ అడుగున ఉన్న కాయ వేడెక్కి, నలిగి, తీపీ పులుపూ కలిసిన వాసన రోడ్డును కప్పేసేది. సాయంత్రం నేను తిరుగు బస్సు ఎక్కితే పక్క సీటు వాళ్లు నా చీర వాసన పట్టి నవ్వేవాళ్లు. ఏ తోపు నుంచి వస్తున్నావమ్మా అని అడిగేవాళ్లు.

లోపల నాకు బాగా నచ్చిన చోటు మాగబెట్టే షెడ్డు. తోతాపురి కాయ పచ్చిగా వస్తుంది. దాన్ని వరిగడ్డి పరుపుల మధ్య పేర్చి వారం దాకా ఉంచితే పండుతుంది. పండిన తర్వాత ఒకటి రెండు రోజులకు మించి ఆగదు. ఆ షెడ్డులో వెలుతురు తక్కువ. గడ్డి వెచ్చగా ఉండేది. బయట ఎంత గోల ఉన్నా లోపలికి అడుగుపెడితే చెవులకు దూది పెట్టుకున్నట్టు ఉండేది. అక్కడ నిలబడితే కాలం కూడా ఆ గడ్డిలోనే మాగుతున్నట్టు అనిపించేది. ఎన్నో మధ్యాహ్నాలు నేను రాసుకోవాల్సింది మరిచిపోయి ఊరికే నిలబడ్డాను. నా పరిశోధనకు మూలమైన సంగతి తట్టింది కూడా అట్లా ఊరికే నిలబడినప్పుడే.

సంగతి ఇది. మిషను దగ్గర ఈరోజు కనిపించే పండు వారం కిందట గేటు దగ్గర తీసుకున్న నిర్ణయం. షెడ్డు ఖాళీగా కనిపిస్తే మేనేజరు నాలుగు దిక్కులకూ కబురు పంపేవారు, కాయ తెమ్మని. కాయ వచ్చేది, కానీ పండటానికి వారం పట్టేది. ఆ వారమంతా మిషను ఖాళీగానే ఉండటంతో ఇంకా తెమ్మని మళ్లీ కబురు. తర్వాత అంతా ఒక్కసారి పండేది. అప్పుడు గేటు మూయించేవారు. మూసిన వారానికి మళ్లీ ఖాళీ. ఉయ్యాల ఊపినట్టే. ముందుకు పోయేటప్పుడు తోస్తే ఉయ్యాల ఆగదు, ఇంకా పైకి పోతుంది. తప్పు మనిషిది కాదు. చేసిన పనికీ ఫలితానికీ మధ్య ఆలస్యం ఉన్న ప్రతి చోటా ఈ ఊపు ఉంటుంది. మా శాస్త్రంలో నియంత్రణ అంటే ఈ ఊపును తగ్గించడమే.

ఆ ఏడు వానాకాలం, చలికాలం నేను ఆ ఫ్యాక్టరీకి ఒక నమూనా కట్టాను. నమూనా అంటే బొమ్మ కాదు, సమీకరణాల వరుస. వచ్చే కాయ, గడ్డిలో ఉన్న కాయ, పండినది, కుళ్లినది, డబ్బాల్లోకి పోయినది. దాన్ని కంప్యూటరు మీద నడిపి చూడాలి. అటువంటి యంత్రం నాకు దొరికింది మద్రాసులోనే. ప్రోగ్రాము ఒక్కొక్క వాక్యాన్నీ ఒక్కొక్క అట్టముక్క మీద చిల్లులుగా పొడవాలి. ఆ అట్టలను వరుస తప్పకుండా పెట్టెలో సర్దుకుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని పుత్తూరు, నగరి మీదుగా బస్సులో పోయేదాన్ని. నగరి దాటేటప్పుడు ముక్కులాంటి కొండ కిటికీలో చాలాసేపు కనబడేది. వీధుల్లో రంగు నూలు చుట్టలు ఆరేసి ఉండేవి. సగం నిద్రలో నాకు ఆ నూలు కూడా నా సమీకరణంలోకి వచ్చేసేది. అద్దకం నుంచి మగ్గానికి, మగ్గం నుంచి బస్సు టాపు మీదికి నెమ్మదిగా కదిలిపోతూ ఉండేది. కళ్లు మూసుకుంటే ప్రపంచమంతా ఒకచోటు నుంచి ఇంకొకచోటుకు పోతూ, మధ్యలో ఎక్కడో ఆగి ఎదురుచూస్తున్న సరుకులాగా కనిపించేది. ఆ ప్రయాణాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

నమూనా చెప్పిన పరిష్కారం సులభమైనదే. షెడ్డును మాత్రమే చూసి కాయ పిలవకూడదు. గడ్డిలో ఉన్నది, దారిలో ఉన్నది కలిపి చూసి పిలవాలి. అంటే రైతు తనకు తోచినప్పుడు కోసుకుని రావడం కాకుండా, ఫ్యాక్టరీ ఊరి వరుసన కోత చీటీలు ఇవ్వాలి. చీటీ మీద రాసిన రోజున కోస్తే బండి గేటు దగ్గర ఆగకుండా లోపలికి పోతుంది. నమూనాలో ఇలా నడిపి చూస్తే బారు మాయమైంది, మిషను ఒకే తీరున నడిచింది.

కానీ ఆ బారు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. బండి మీద ఉండాల్సిన కాయ ఇప్పుడు చెట్టు మీద ఉంది. చెట్టు మీది సరుకుకు ఫ్యాక్టరీ ఏమీ చెల్లించదు, కాపలా కాయదు. అది రైతు సొంతం. మామిడికోత కాలంలో మా వైపు పడమటి నుంచి ఈదురుగాలి వస్తుంది. ఒక్క గాలికి తోపు సగం నేలపాలు కావచ్చు. రాలి దెబ్బతిన్న పచ్చికాయ సరిగా మాగదు, గుజ్జుకు పనికిరాదు. అందుకని నా ప్రతిపాదనలో ఒక షరతు రాశాను. చీటీ కోసం ఆగి ఉన్న కాయ గాలికి రాలితే ఫ్యాక్టరీ తీసుకోవాలి. ముక్కలు కోసి ఉప్పునీళ్లలో ఊరవేస్తే ఊరగాయ కంపెనీలు కొంటాయి. ఫ్యాక్టరీ వెనక గోదాములో ఆ పనికి కొన్న పీపాలు, ఉప్పు బస్తాలు అట్లాగే పడి ఉన్నాయి. కోసే చేతులు దొరకక ఆ పని ఎప్పుడో ఆపేశారు.

నాయుడుగారు ప్రతిపాదన మొత్తం చదివి చీటీలకు ఒప్పుకున్నారు. షరతు దగ్గర పెన్ను ఆపారు. అప్పటి సంగతి అప్పుడు చూద్దామన్నారు. నేను ఎంత చెప్పినా ఆ పేజీ మీద సంతకం పడలేదు.

1983 సీజనుకు ముందు చీటీల సంగతి చెప్పడానికి నన్నే ఊళ్లకు పంపారు. పాకాల దగ్గర ఒక ఊళ్లో బడి వసారాలో రైతులు కూర్చున్నారు. వాళ్లలో చెంగమ్మ అనే ఆమె ఉంది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక తోపును తనే చూసుకునేది. ఆ తోపు కొండ పడమటి వాలు మీద ఉంది. రోడ్డుకు దూరం కాబట్టి ఆ వాలు తోపులకు చీటీలు చివరి వరుసలో పడ్డాయి. మిగతావాళ్లు చీటీలు పెద్ద తోపులవాళ్లకే ముందు పోతాయేమోనని అడిగారు. వరుసను అందరి ముందే చదివి గోడకు అంటిస్తామని చెప్పాను. చెంగమ్మ చివరిదాకా విని అప్పుడు అడిగింది.

“రోడ్డు మీద కుళ్లే కాయ ఇంక సెట్టు మీద ఉంటాదంటావు. బాగుండాది. మరి గాలొస్తే అది ఎవురిది?”

రాలిన కాయను ఫ్యాక్టరీ తీసుకోవాలని కాగితంలో రాసి ఇచ్చానని, మేనేజరు ఇంకా ఒప్పుకోలేదని, ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేనని చెప్పాను. వసారాలో గుసగుసలు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు కూడా. చెంగమ్మ చీటీ కోసం చెయ్యి చాచింది.

“ఒప్పుకోలేదని నోరు తెరిసి చెప్పినావు సూడు అమ్మణ్ణీ, ఇన్నేండ్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినోళ్లు ఎవురూ అట్ల చెప్పలే. సీటీ ఇయ్యి. ఒక ఏడు సూస్తాం.”

ఆమె తీసుకున్నాక తక్కినవాళ్లు తీసుకున్నారు. బస్సులో తిరిగి వస్తుంటే నాకు సంతోషం కలగలేదు. ఒక మనిషి తన ఏడాది పంటను నా సమీకరణం మీద పెట్టింది. ఆ సమీకరణంలో గాలికి అక్షరం లేదు.

జూన్‌లో చీటీలు పని చేశాయి. ఒక పొద్దున నేను బస్సు దిగేసరికి రోడ్డు ఖాళీ. చింతచెట్ల నీడలు దుమ్ములో కదులుతున్నాయి. ఊరు మారిపోయి వేరే చోట దిగానేమో అనిపించింది. నాయుడుగారు గేటు బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. పైకి చూస్తూ, “ఈ సెట్ల మీద ఇన్ని పిట్టలు ఉండాయని నాకు ఈ పొద్దే తెలిసింది” అన్నారు. అప్పుడప్పుడు ఒక బండి వచ్చేది, ఆగకుండా లోపలికి పోయేది. మిషను చప్పుడు గాలిపటం దారంలాగా ఒకే బిగువున రోజంతా సాగేది. ఉన్న కొద్ది రోజులూ అది కలలాగే ఉండింది.

గాలి మధ్యాహ్నం వచ్చింది. నేను మాగబెట్టే షెడ్డులో ఉన్నాను. ఎప్పుడూ ఉండే మసక వెలుతురు ఒక్కసారి పసుపురంగుకు తిరిగింది. తర్వాత రేకుల పైకప్పు లేచి పడటం మొదలుపెట్టింది. తలుపు దగ్గరికి వస్తే పడమట దిక్కు అంతా ఎర్రమట్టి గోడ. ఆకులు, గడ్డి, ఎవరిదో తువ్వాలు ఆకాశంలో పోతున్నాయి. వాన నాలుగు చినుకులే పడింది. గాలి ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో షెడ్డులోని పండిన వాసన యథాప్రకారం ఉంది. లోపల ఉన్న సరుకుకు ఏమీ కాలేదు. నేను చెంగమ్మ తోపు వైపు కొండను చూశాను. అది దుమ్ములో కనిపించలేదు.

మర్నాడు పొద్దున రోడ్డు మళ్లీ బండ్లతో నిండిపోయింది. చీటీల వరుస లేదు, ఊరి వరుస లేదు. అన్నీ రాలిన పచ్చికాయలు. దెబ్బ తగిలిన చోట సొన కారి నల్లబడ్డాయి. ముందు బండి పక్కన చెంగమ్మ నిలబడి ఉంది. ఆమె ఊరి ఆడవాళ్లు చాలామంది బండ్ల వెంట నడిచి వచ్చారు. గేటు మూసి ఉంది. మూయమని చెప్పింది నాయుడుగారే.

నేను ఆయన గదిలోకి వెళ్లాను. షరతు ఉన్న పేజీని బల్ల మీద పెట్టాను. నేను జాలి గురించి మాట్లాడలేదు. ఆయన మనసు లెక్కకే కదులుతుందని అప్పటికి తెలుసు. ఈరోజు వీళ్లను తిప్పి పంపితే వచ్చే ఏడు ఎవరూ చీటీ కోసం కాయను చెట్టు మీద ఉంచరని, గాలి భయానికి ముందే కోసుకుని ఒకేసారి వస్తారని, మనం రెండు సీజన్లు పడిన శ్రమ ఈ గేటు దగ్గరే అయిపోతుందని చెప్పాను. ఆయన పేజీని చూడలేదు. కిటికీలోంచి రోడ్డును చూశారు.

“తీసుకుంటే మాత్రం కోసేదెవరమ్మా? పీపాలుండాయి, ఉప్పుండాది. చేతులు యాడ తెచ్చేది?”

ఆ ప్రశ్నతోనే ఆయన సగం ఒప్పుకున్నారని నాకు అర్థమైంది. చేతులు గేటు బయటే ఉన్నాయని చెప్పాను. ఆయన లేచి కండువా సర్దుకుని గేటు దగ్గరికి నడిచారు. నేను వెనకే వెళ్లాను. కమ్మీల అవతల చెంగమ్మ. ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాయుడుగారు ఆమెను, మీ ఆడవాళ్లు ముక్కలు కోస్తారా అని అడిగారు. కూలి ఇస్తారా అని ఆమె అడిగింది. ఇస్తామన్నారు. కాయకు ధర వేరే, కూలి వేరే అని ఆమె గట్టిగా చెప్పించుకుంది. ఆ తర్వాత అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“కాయ మాది, చెయ్యి మాది. ఉప్పొక్కటే నీది నాయుడూ. గేటు తియ్యి.”

ఆ పేరు పిలిచిన తీరుకు కాపలావాడు బిత్తరపోయాడు. నాయుడుగారి ముఖంలో ఏదో కదిలింది, నవ్వు అనుకుంటాను. గేటు తియ్యమని చెయ్యి ఊపారు.

ఆ తర్వాత కొన్ని రోజులు ఫ్యాక్టరీ నాకు గుర్తుపట్టలేనంత మారిపోయింది. వెనక రేకుల పందిరి కింద ఆడవాళ్లు వరుసలుగా కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు. టెంక చీలిన చప్పుడు వాన పడుతున్నట్టు ఎడతెగకుండా వినిపించేది. పచ్చికాయ పులుపు వాసన, షెడ్డు నుంచి వచ్చే మాగిన వాసన వాకిట్లో కలిసేవి. నేను కూడా ఒక పీట ముందు కూర్చున్నాను గానీ, నా ముక్కలు చూసి చెంగమ్మ నన్ను ఉప్పు కలిపేచోటికి పంపించింది. పాటలేమీ లేవు. అలసటతో అందరి మాటలూ మెల్లగా ఉండేవి. ఎవరి తోపులో ఎంత పోయిందో చెప్పుకునేవాళ్లు. చెంగమ్మ తోపులో గాలికి రెండు ముసలి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయని, అవి ఆమె కాపురానికి వచ్చిన ఏడు నాటినవని, నాకు పక్కన కూర్చున్న ఆమె చెప్పింది. చెంగమ్మ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

అన్నీ దక్కలేదు. బాగా చితికిన కాయను గుంటలో పోయాల్సి వచ్చింది. ఉప్పు ముక్కకు వచ్చే ధర గుజ్జుకు తీసుకునే కాయ ధర కంటే చాలా తక్కువ. ఆ ఏడు చెంగమ్మకు నష్టమే వచ్చింది. చివరి రోజు నేను ఆమెతో, చీటీ తీసుకోకుండా ఉంటే ముందే కోసుకుని ఉండేదానివి గదా అన్నాను. ఆమె చేతులు కడుక్కుంటూ, ముందే కోసుకున్న ఏండ్లలో రోడ్డు మీద ఎంత కుళ్లిందో తనకు తెలుసునని అంది. వచ్చే ఏడు కూడా చీటీ తీసుకుంటుందట. కానీ వరుస మార్చాలి.

“ఈసారి రోడ్డును సూసి వరస వెయ్యొద్దు. గాలిని సూసి వెయ్యి. పడమటి వాలు ముందు. దిగువన ఉండేవోళ్లకు కొండ అడ్డం ఉండాది, వాళ్లు ఆగతారు.”

ఆ మాట మీద నేను ఒక చలికాలం పనిచేశాను. రోడ్డు దూరం ప్రకారం కాకుండా గాలి తాకిడి ప్రకారం వరుస వేసి నమూనాను మళ్లీ నడిపాను. దూరపు బండ్లు ముందు వస్తే రవాణా ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది. గాలి వచ్చిన ఏడు మొత్తం మీద నష్టం బాగా తగ్గుతుంది. దిగువ ఊళ్లవాళ్లు మొదట ఒప్పుకోలేదు. పడమటి వాలు వాళ్లు పడిన నష్టాన్ని కళ్లారా చూశారు కాబట్టి చివరికి సరేనన్నారు. నాయుడుగారు కొత్త సీజను చీటీలతో పాటు షరతు పేజీ మీద కూడా సంతకం చేశారు. ఉప్పు ముక్కల పని సీజను సీజనుకూ నడిచింది. చెంగమ్మ ఆ పందిరికి మేస్త్రీ అయింది.

నా సిద్ధాంత వ్యాసం పరీక్షకు వచ్చినప్పుడు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒకటే ప్రశ్న మీద చాలాసేపు ఆగారు. నియంత్రణ శాస్త్రం మీద రాసిన వ్యాసంలో రాలిన కాయకు ఒక అధ్యాయం ఎందుకని. ఆ అధ్యాయం తీసేస్తే మిగతా అధ్యాయాల్లోని అంకెలు ఒక్క సీజనుకు మించి నిలబడవని చెప్పాను. గాలి వచ్చిన మర్నాడు గేటు తెరుచుకోకపోతే ఏం జరిగేదో ఆ అంకెలతోనే వేసి చూపించాను. ఆ అధ్యాయం అట్లాగే నిలిచింది.

తర్వాత ఉద్యోగం ఉన్నంతకాలం నేను నూలు మిల్లులకు, పాల కేంద్రాలకు, డబ్బాల ఫ్యాక్టరీలకు ఇటువంటి పనే చేశాను. అన్ని చోట్లా ఒకటే చూశాను. సరుకు ఎదురుచూడటం అనేది పోదు, చోటు మారుతుంది. మేం చేసేది ఆ చోటును నిర్ణయించడం. కొత్తచోటు ఎవరి ఆవరణలో ఉందో వాళ్లకు ముందే చెప్పాలి. అక్కడ నష్టం వస్తే, మార్చమన్నవాడు అందులో వాటా తీసుకోవాలి. ఈ రెండూ కాగితం మీద లేని పథకాన్ని నేను ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీకీ ఇవ్వలేదు.